పూచీ సంతకం: దానమా, బంధమా?



మొన్న పౌర్ణమి నాడు వందన అయ్యాక అందరం టీ తాగుతున్నాం. ఒక ఉపాసిక వచ్చి నా పక్కన కూర్చుంది. మా విహారానికి ఎన్నో ఏళ్ళుగా వస్తున్న అక్క. కొడుకు అమెరికాలో, టెక్సస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. "అన్నా, ఒక మాట అడగాల. ఇది ధమ్మం సంగతో కాదో నాకు తెల్వదు" అంది.

సంగతి ఇదీ. కొడుకు ఉండే అపార్ట్‌మెంట్లో పక్కింటాయన నేపాల్ మనిషి, ఒక దుకాణంలో పనిచేస్తాడు. నేపాల్లో ఉన్న ఆయన మేనల్లుడికి అమెరికా వీసా లాటరీ తగిలింది. పిల్లవాడు వస్తే అతని ఖర్చులకు నేను పూచీ అని ఎవరో ఒకరు ఫారం మీద సంతకం పెట్టాలి. మేనమామ సంపాదన సరిపోదు. అందుకని ఈ అక్క కొడుకును అడిగాడు. వచ్చిన కొత్తలో రెండు మూడు నెలలు ఉండడానికి ఒక గది కూడా ఇవ్వమన్నాడు.

కొడుకు ఫోన్ చేసి, "అమ్మా, నాకు గ్రీన్ కార్డు రావడానికి పన్నెండేళ్ళు పట్టింది. ఆ పిల్లగానికి చీటీల తగిలింది. నేనెందుకు సంతకం పెట్టాలె?" అన్నాడట. ఈమె నోట వెంటనే వచ్చిన మాట: "వాళ్ళు మనోళ్ళేనా?"

"ఆ రాత్రి నిద్ర పట్టలేదన్నా. మనల్ని జీవితమంతా జనం అడిగిన మాటే కదా అది. నా నోట్లకెల్లి ఎట్లొచ్చింది?"

అక్క అడిగింది ఒకటి కాదు, మూడు ప్రశ్నలు. మనకు దక్కనిది ఇంకొకరికి ఊరికే దక్కితే ఏం చేయాలి? ఒకరికి పూచీ పడితే వాళ్ళ మీద మనకు హక్కు వస్తుందా? చేయందించే ముందు "ఎవరు మీరు" అని అడగవచ్చా? మీ ఇంట్లో ఎవరూ అమెరికాలో లేకపోయినా ఈ మూడు ప్రశ్నలూ మీవే. బ్యాంకు అప్పుకు జామీను పడినా, ఊరి పిల్లవాణ్ణి సిటీలో మీ గదిలో పెట్టుకున్నా ఇవే ఎదురవుతాయి.

ముందు ఆ లాటరీ సంగతి తెలుసుకుందాం

ధమ్మంలో శ్రద్ధ అంటే గుడ్డి నమ్మకం కాదు, తెలుసుకుని నమ్మడం. కాబట్టి ముందు విషయం చూద్దాం.

1990లో అమెరికా చేసిన వలస చట్టం నుంచి పుట్టింది ఈ డైవర్సిటీ వీసా. అమెరికాకు తక్కువ మంది వలస వెళ్ళే దేశాల వాళ్ళ కోసం ఏటా సుమారు 50 వేల వీసాలు కేటాయించారు. అర్జీ పెట్టిన వాళ్ళలోంచి కంప్యూటర్ చీటీ తీసినట్టు పేర్లు తీస్తుంది. పన్నెండో తరగతి దాకా చదువైనా ఉండాలి, లేదా నిర్ణీత వృత్తిలో గత ఐదేళ్ళలో రెండేళ్ళ అనుభవమైనా ఉండాలి. అంతకు ముందు ఐదేళ్ళలో 50 వేల మందికి మించి వలస పంపిన దేశాల్లో పుట్టినవాళ్ళు అర్జీ పెట్టడానికి లేదు. అందుకే భారతదేశంలో పుట్టినవాళ్ళకు అందులో చోటు లేదు. పక్కనున్న నేపాల్‌కు ఉంది. ఎవరైనా ఏజెంటు వచ్చి మీ పిల్లలకు అమెరికా లాటరీలో పేరు వేయిస్తానంటే, అది మోసమని గ్రహించండి.

ఇంకొక మాట. పేరు వచ్చినంత మాత్రాన వీసా వచ్చినట్టు కాదు. ఉన్న వీసాల కంటే ఎక్కువ మందినే, ఈ మధ్య సంవత్సరాల్లో లక్షకు పైగానే ఎంపిక చేస్తున్నారు. వరుస సంఖ్య రావాలి, ఇంటర్వ్యూ కావాలి, ఫీజు కట్టాలి, ఆ ఆర్థిక సంవత్సరం ముగిసే సెప్టెంబర్ 30 లోపు వీసా చేతికి రావాలి. రాకపోతే ఆ అవకాశం పోయినట్టే, మరుసటి ఏడాదికి చెల్లదు.

ఈ లాటరీలో పేరు రావడానికి ఎవరి పూచీ అక్కర్లేదు. అయితే ఇంటర్వ్యూలో అధికారి, "ఈ మనిషి వచ్చాక ప్రభుత్వం మీద భారం అవుతాడా?" అని చూస్తాడు. చేతిలో డబ్బు, చదువు, పని దొరికే అవకాశం చాలవనిపిస్తే ఐ-134 అనే ఫారం అడగవచ్చు. ఫలానా వ్యక్తికి నేను ఆర్థికంగా అండగా ఉంటానని అమెరికాలో ఉన్నవాళ్ళు తమ ఆదాయం చూపించి చేసే ప్రకటన అది. కుటుంబ వీసాల్లో వాడే ఐ-864 వేరు. అది చట్టప్రకారం కట్టిపడేసే ఒప్పందం, విడాకులైనా తెగదు. ఐ-134ను సాధారణంగా అంత గట్టి ఒప్పందంగా చూడరు. కానీ అందులో అబద్ధం రాస్తే నేరమే. నియమాలు కూడా మారుతుంటాయి. కాబట్టి సంతకం పెట్టేవాళ్ళు ఆ ఏటి నియమాలు చదువుకుని, అవసరమైతే లాయర్ని అడిగి పెట్టాలి.

వాడి పూర్వజన్మ పుణ్యమా?

చీటీ తగిలిందనగానే మన ఊళ్ళలో అనే మాట "వాని రాత బాగుంది", "పోయిన జన్మలో పుణ్యం చేసుకున్నాడు". ఈ మాట వినగానే మనం జాగ్రత్తపడాలి. పోయిన జన్మ పుణ్యం వల్ల ఒకడికి వీసా వచ్చిందంటే, పోయిన జన్మ పాపం వల్ల ఇంకొకడు వాడలో పుట్టాడని ఒప్పుకున్నట్టే. 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో బాబాసాహెబ్ ఈ పూర్వజన్మ కర్మ సిద్ధాంతాన్ని ఖండించారు. పేదవాడి పేదరికానికి వాణ్ణే దోషిని చేసే సిద్ధాంతం బుద్ధుడిది కాదన్నారు.

కాబట్టి ఆ నేపాల్ పిల్లవాడు పుణ్యాత్ముడూ కాదు, మన అక్క కొడుకు పాపాత్ముడూ కాదు. ఒక దేశం ఒక నియమం పెట్టింది. ఆ నియమం మనిషి పుట్టిన చోటు చూస్తుంది. అక్క కొడుకు పన్నెండేళ్ళు వరుసలో నిలబడింది కూడా అందుకే. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి ఉంది, అక్కడ కూడా లెక్క పుట్టిన దేశాన్ని బట్టే. పుట్టుకను బట్టి తలుపు తెరిచే, మూసే లెక్క ఎట్లా ఉంటుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు? కులం, వీసా ఒకటే అని నేను అనడం లేదు. కానీ ఆ తలుపు ముందు నిలబడ్డ వాడి కడుపులో మంట ఏమిటో మనకు తెలుసు.

ఆ మంటను ఎవరి మీద చూపించాలన్నదే ప్రశ్న. నియమం చేసిన వాళ్ళ మీద చూపిస్తే అది న్యాయం కోసం పోరాటం. చీటీ తగిలిన పిల్లవాడి మీద చూపిస్తే అది అసూయ. ఆ పిల్లవాడు అక్క కొడుకు వరుసలోకి దూరి అతని చోటు లాక్కోలేదు. అవి వేరే వీసాలు, వేరే లెక్క. అతనికి రాకుండా పోయినా వీళ్ళకు ఒక్క రోజు కూడా కలిసొచ్చేది కాదు.

మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అని మనం ప్రతి ఆదివారం చెప్పుకుంటాం. వీటిలో కరుణ మనకు కొంచెం తేలిక. ఏడ్చేవాణ్ణి చూస్తే మన కళ్ళలోనూ నీళ్ళొస్తాయి. ముదిత కష్టం. మనకంటే తేలిగ్గా గెలిచినవాణ్ణి చూసి సంతోషించడం ముదిత. అక్క కొడుకు కోపం నాకు అర్థమవుతుంది. పన్నెండేళ్ళ ఎదురుచూపు చిన్నదేం కాదు. కానీ "నేను పడ్డ బాధ వాడూ పడాలి" అనుకుంటే, ఆ పన్నెండేళ్ళు మనకు నేర్పిందేమిటి?

కఫీల్ గుర్తున్నాడా?

ఇప్పుడు రెండో ప్రశ్న. పూచీ పడ్డవాడికి ఎదుటి మనిషి మీద హక్కుందా?

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కడప, కోనసీమ వైపు వాళ్ళకు స్పాన్సర్ అంటే ఎవరో విడమరచి చెప్పనక్కర్లేదు. గల్ఫ్‌లో కఫీల్. వీసా అతని పేరు మీద, పాస్‌పోర్టు అతని బీరువాలో. అతను సరేనంటేనే పని మారాలి, సరేనంటేనే ఇంటికి రావాలి. కొన్ని దేశాల్లో చట్టాలు కొంత మారినా, ఆ పద్ధతి కింద నలిగిన కుటుంబాలు మన ఊళ్ళలో ఎన్నో. అంతకు ముందు తరంలో దాని పేరు జీతం. పెళ్ళికో రోగానికో దొర దగ్గర అప్పు తీసుకుని, కొడుకును జీతానికి పెట్టిన తాతలు మనలో చాలామందికి ఉన్నారు. దొర కూడా "నేను ఆదుకున్నాను" అనే అనేవాడు.

లాటరీ చుట్టూ కూడా ఈ వ్యాపారం ఉంది. పశ్చిమ ఆఫ్రికాలోని టోగో దేశంలో ఇది ఎట్లా నడుస్తుందో ఒక అమెరికన్ మానవశాస్త్ర ఆచార్యుడు 2019లో 'ది ఫిక్సర్' అనే పుస్తకంలో వివరంగా రాశాడు. చీటీ తగిలిన పేదవాడి దగ్గర ఫీజుకు, వైద్య పరీక్షలకు, విమానం టికెట్టుకు డబ్బుండదు. డబ్బున్నవాళ్ళు ఆ ఖర్చు పెట్టుకుంటారు. బదులుగా తమ మనిషిని భార్యగానో భర్తగానో కాగితం మీద చూపించమంటారు. అది బయటపడితే వీసా పోయేది చీటీ తగిలినవాడిదే. అక్కడ సహాయం అనే మాట కింద జరిగేది మనిషి అవకాశాన్ని కొనుక్కోవడం.

అట్లాంటిది నేను చేయను అంటారు మీరు. నిజమే. కానీ చిన్న కఫీల్ మనలో కూడా ఉంటాడు. "నేను సంతకం పెట్టకపోతే వాడెక్కడుండేవాడు?" అని పదిమందిలో అన్న రోజు ఆ కఫీల్ బయటికొస్తాడు. "మా ఇంట్లో ఉంటున్నావు కదా, పిల్లల్ని నువ్వే చూసుకో" అన్న రోజు కూడా అంతే.

బరోడాలో గది దొరకలేదు

బాబాసాహెబ్ జీవితాన్ని ఈ కోణంలో ఒకసారి చూడండి. 1913లో ఆయన న్యూయార్క్ వెళ్ళి కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరింది బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన ఉపకార వేతనంతో. నెలకు 11.5 పౌండ్లు, మూడేళ్ళపాటు. చదువయ్యాక పదేళ్ళు బరోడా సంస్థానంలో పనిచేయాలని ఒప్పందం. ఆ సహాయం గొప్పదే. ఆ మాట మనం కాదనకూడదు.

1917లో ఒప్పందం ప్రకారం ఆయన బరోడా వచ్చారు. ఉద్యోగం ఉంది, ఉండడానికి గది లేదు. పార్శీల సత్రంలో పార్శీ పేరు చెప్పుకుని ఉన్నారు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని మనుషులొచ్చారు, సాయంత్రానికల్లా ఖాళీ చేయమన్నారు. ఒక హిందూ మిత్రుణ్ణి, ఒక క్రైస్తవ మిత్రుణ్ణి ఆశ్రయం అడిగారు. ఇద్దరి దగ్గరా దొరకలేదు. బొంబాయి రైలు వేళ అయ్యేదాకా ఒక తోటలో కూర్చున్నారు. ఇదంతా ఆయనే రాసుకున్నారు. ఆ రచన పేరు 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా', అంటే వీసా కోసం ఎదురుచూపు. సొంత దేశంలోనే ప్రవేశం దొరకని మనిషి పెట్టిన పేరు అది.

ప్రపంచంలో పేరున్న విశ్వవిద్యాలయంలో చదివించగల రాజు ఉన్నాడు. కానీ అదే రాజు ఊళ్ళో, "మా ఇంట్లో ఉండు" అనే మనిషి ఒక్కడు లేకపోయాడు. డబ్బు సహాయం ఒక ఎత్తు, ఇంటి తలుపు తెరవడం ఇంకొక ఎత్తు.

ఇంకొక మనిషి కూడా ఉన్నాడు. న్యూయార్క్‌లో హాస్టల్ మిత్రుడు నావల్ భతేనా, పార్శీ. 1920లో బాబాసాహెబ్ ఆగిపోయిన చదువు పూర్తి చేయడానికి మళ్ళీ లండన్ వెళ్ళేటప్పుడు, తను కూడబెట్టుకున్నదానికీ కొల్హాపూర్ షాహూ మహారాజ్ సహాయానికీ తోడు ఈ మిత్రుడి దగ్గర 5 వేల రూపాయలు అప్పు తీసుకున్నారు. సత్రంలోంచి వెళ్ళగొట్టినవాళ్ళూ పార్శీలే, అప్పిచ్చి నిలబెట్టినవాడూ పార్శీనే. "మనోళ్ళేనా" అన్న ప్రశ్నకు ఇంతకంటే జవాబు కావాలా?

ఐదు గుర్తులు

ఇక అక్కకు నేను ఏం చెప్పానో చెప్తాను. అది నా సొంత తెలివి కాదు. అంగుత్తర నికాయంలో సత్పురుషుడి దానానికి ఐదు గుర్తులు చెప్పారు. వాటిని ఈ సంతకానికి అన్వయించి చూశాను.

మొదటిది, శ్రద్ధతో ఇవ్వడం. ఎందుకు చేస్తున్నానో తెలిసి చేయాలి. మేనమామ మొహమాటానికో, నలుగురిలో పేరుకో అయితే వద్దు.

రెండోది, గౌరవంతో ఇవ్వడం. పిల్లవాడు మన దగ్గరికి వచ్చేది మనిషిగా, మన జీతగాడిగా కాదు. అతని పాస్‌పోర్టు అతని దగ్గరే ఉండాలి. అతని పని, అతని డబ్బు, అతని స్నేహాలు అతనివి. గది ఎన్ని నెలలు, తిండి ఖర్చు ఎవరిది, టికెట్టు డబ్బు అప్పా ఊరికే ఇచ్చిందా అన్నది ముందే తేల్చి చెప్పాలి. చెప్పకుండా మనసులో పెట్టుకున్న లెక్కే తర్వాత బంధమవుతుంది.

మూడోది, సకాలంలో ఇవ్వడం. ఇక్కడ కాలం అంటే సెప్టెంబర్ 30. చేయలేకపోతే ఈ రోజే చెప్పాలి, వాళ్ళు ఇంకొకర్ని వెతుక్కుంటారు. "చూద్దాం, చూద్దాం" అని నాలుగు నెలలు నానబెట్టడం కంటే మర్యాదగా కాదనడం మేలు.

నాలుగోది, బిగబట్టుకోని మనసుతో ఇవ్వడం. ముదిత పనిచేసే చోటు ఇదే. పన్నెండేళ్ళ మంటతో పెట్టిన సంతకం తర్వాత ప్రతి చిన్న తప్పుకీ గుర్తొస్తుంది. మంట పోలేదంటే కొన్నాళ్ళు ఆగి, ధ్యానంలో కూర్చుని దాన్ని చూడాలి. అయినా పోకపోతే, పోలేదని నిజాయితీగా ఒప్పుకోవాలి.

ఐదోది, తనకూ ఇతరులకూ హాని కలగకుండా ఇవ్వడం. ఈ మాట మనలో చాలామంది మరిచిపోతాం. దానం అంటే ఇల్లు గుల్ల చేసుకోవడం కాదు. సొంత పిల్లల చదువు ఆపి ఇంకొకరికి పూచీ పడమని ధమ్మం చెప్పలేదు. ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాయడం కూడా ఇందులోకే వస్తుంది. అబద్ధమాడనని త్రిశరణ పంచశీలలో మనం తీసుకున్న శిక్షాపదం కాగితం మీది అక్షరాలకు కూడా వర్తిస్తుంది.

ఈ ఐదూ సరిపోతే పెట్టమను, ఏ ఒక్కటి కుదరకపోయినా వద్దను, కాదన్నంత మాత్రాన మీ అబ్బాయి చెడ్డవాడు కాడు అన్నాను.

మరి, మనోళ్ళు కాకపోతే?

అక్క ఇంకా లేవలేదు. అసలు భయం అప్పుడు చెప్పింది. "అన్నా, ఆ పిల్లగాడు బాపనోడైతే? నా కొడుకు ఇంట్ల తిని, నా కొడుకు కులం అడిగితే?"

ఈ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయకండి. నేపాల్లో కామి, దమాయి, సార్కి కులాల వాళ్ళు మనలాగే అంటరానితనం అనుభవించినవాళ్ళు. అక్కడి చట్టం 1963లో కుల భేదాన్ని తీసేసినా, 2011లో అంటరానితనం నేరమని ప్రత్యేక చట్టం చేయాల్సి వచ్చింది. కులం విమానం ఎక్కి సముద్రం కూడా దాటింది. అందుకే 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేసుకోవాల్సి వచ్చింది. అక్క భయం ఊహ కాదు, అనుభవం.

నేను చెప్పింది ఇంతే. మనం వాళ్ళ కులం అడగొద్దు, మన సంగతి దాచొద్దు. "మేము బౌద్ధులం. మా హాల్లో బాబాసాహెబ్ ఫోటో ఉంటుంది. ఈ ఇంట్లో అందరికీ ఒకటే పళ్ళెం, ఒకటే గ్లాసు. ఇష్టమైతే రా" అని మీ అబ్బాయి ముందే చెప్పాలి. దానికి ఒప్పుకుని వచ్చినవాడు ఏ కులంలో పుట్టినా ఆ ఇంట్లో సమానుడే. ఒప్పుకోనివాడు తనంతట తనే రాడు. బరోడాలో బాబాసాహెబ్ పేరు మార్చుకుని తలదాచుకోవాల్సి వచ్చింది. ఈ రోజు మన పిల్లవాడు ఇంటి యజమాని, సొంత పేరుతో తలుపు తెరుస్తున్నాడు. 1956 నవంబర్‌లో, పరినిర్వాణానికి రెండు వారాల ముందు, ఆరోగ్యం పాడైన స్థితిలో కూడా బాబాసాహెబ్ ఖాట్మండులో ప్రపంచ బౌద్ధుల సభకు వెళ్ళి మాట్లాడారు. తమాయించుకోలేని ఒళ్ళుతో ఆయన నేపాల్ దాకా వెళ్ళగలిగితే, నేపాల్ నుంచి వచ్చే పిల్లవాడికి మనం గది తలుపు తీయలేమా?

ఇది జరిగి నెల దాటింది. అబ్బాయి సంతకం పెట్టాడా అని మీరు అడుగుతారు. పెట్టాడు. ఫారం మూడు సాయంత్రాలు కూర్చుని చదివి, తన సంగతులన్నీ చెప్పి మరీ పెట్టాడు. ఒక్క చోట మాత్రం పేచీ వచ్చిందట. "బంధువు అని రాయండి, గట్టిగా ఉంటుంది" అన్నాడు మేనమామ. ఇతను కుదరదన్నాడు. "స్నేహితుడి మేనల్లుడు" అని ఉన్నదే రాశాడు.

ఆ పిల్లవాడి వరుస సంఖ్య సెప్టెంబర్ లోపు వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. అది మన చేతిలో లేదు, అక్కడ ఉపేక్ష పాటించాలి. మన చేతిలో ఉన్నది మన సంతకం, మన గది, మన మనసు.

మీ దగ్గరికి కూడా ఒక రోజు ఒకరు కాగితం పట్టుకుని వస్తారు. బ్యాంకు జామీను కావచ్చు, హాస్టల్ ఫీజు కావచ్చు, ఊరి నుంచి వచ్చిన పిల్లకు పది రోజుల ఆశ్రయం కావచ్చు. పెన్ను తీసే ముందు ఆ ఐదు గుర్తులూ ఒకసారి లెక్కపెట్టుకోండి. "మనోళ్ళేనా" అన్న మాట నోటిదాకా వస్తే, బరోడా తోటలో రైలు కోసం కూర్చున్న ఆ యువకుణ్ణి గుర్తు చేసుకోండి.

నమో బుద్ధాయ. జై భీమ్.